తిమ్మిరి చేప

జంతుశాస్త్ర ప్రయోగశాలలో గాజు సీసాల అలమరాను చూడని విద్యార్థి ఉండడు. ఫార్మలిన్‌లో రంగు వెలిసిన చేపలు, పాములు, కప్పలు. ఒక్కొక్క సీసాకు ఒక్కొక్క పేరు చీటీ. కొన్నేళ్ళ క్రిందట నేను పాఠం చెప్పిన ఒక కళాశాలలో అటువంటి సీసా ఒకటి ఉండేది. అందులో ఉన్నది అరచేతి ప్రమాణం గల చిన్న చేప. ముందు భాగం రొట్టె వలె గుండ్రంగా, బల్లపరుపుగా ఉన్నది. వెనుక పొట్టి తోక. పసుపుబారిన చీటీమీద 'టార్పెడో' అని వ్రాసి ఉన్నది.

ఒకనాడు ఒక విద్యార్థిని సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, "సార్, పుస్తకంలోని బొమ్మకు తోకమీద రెండు వాజాలున్నవి. దీనికి ఒకటే ఉన్నది. రెండవది ఊడిపోయిందా?" అని అడిగింది.

ఊడిపోలేదు. అసలు లేనే లేదు. చీటీమీది పేరు తప్పు. విచారించదగిన సంగతి మరొకటి ఉన్నది. పాత రికార్డు పుస్తకాలు తెరచి చూస్తే, ఏటేటా విద్యార్థులు ఆ సీసాను ముందు పెట్టుకొని బొమ్మ గీసినారు; కాని సీసాలోని చేపకు ఒక వాజం ఉంటే తమ బొమ్మలో రెండు గీసినారు. చీటీని నమ్మినారు, కన్నును నమ్మలేదు. మేము అధ్యాపకులము ఆ బొమ్మలకు సంతకాలు చేసినాము.

ఈ చేప ఏది, దానిని ఎట్లా గుర్తించాలి, అది ఎట్లా జీవిస్తుంది అన్నవి ఈ వ్యాసంలోని విషయాలు. సెంటినరీ కాలనీ నుండి సముద్రం మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరం. బొగ్గు గనుల నడుమ నివసించే మనకు సముద్రపు అడుగున ఇసుకలో పడి ఉండే చేపతో ఏమి పని అనిపించవచ్చు. ఈ చేప విద్యుత్తును పుట్టిస్తుంది. బొగ్గును మండించి విద్యుత్తు తీసే రామగుండం ప్రాంతపు వారికి ఆ మాట పరాయిది కాదు. మరొక విశేషమేమనగా, ఈ చేపల శాస్త్రీయ నామాలలో మన తెలుగు మాట ఒకటి చిరస్థాయిగా నిలిచిపోయి ఉన్నది.

మూడు భాషలు, ఒకే అనుభవం

కాలు మడిచి చాలాసేపు కూర్చుంటే ఏమవుతుంది? తిమ్మిరి ఎక్కుతుంది. కాలు మనది కాదన్నట్లు మొద్దుబారి, జలజల పాకినట్లు ఉంటుంది. విద్యుత్ చేపను తాకిన చేతికి కలిగేది ఇటువంటి అనుభవమే; అయితే అది ఒక్క పెట్టున, గట్టిగా వచ్చి తగులుతుంది.

మధ్యధరా సముద్రతీరపు ప్రాచీన గ్రీకులకు ఈ చేప బాగా తెలుసు. వారు దానిని 'నార్కే' అన్నారు. ఆ మాటకు మొద్దుబారుట అని అర్థం. మత్తుమందులకు ఇంగ్లీషులో వాడే 'నార్కోటిక్' అనే మాటకు మూలం ఇదే. రోమనులు లాటిన్ భాషలో 'టార్పెడో' అన్నారు. దానికీ అదే అర్థం. నీటి అడుగున పోయి ఓడలను పేల్చే ఆయుధానికి ఈ చేప పేరే తరువాత పెట్టినారు. క్రీస్తు శకం మొదటి శతాబ్దిలో స్క్రిబోనియస్ లార్గస్ అనే రోమను వైద్యుడు తలనొప్పికి, కీళ్ళవాతానికి ప్రాణమున్న టార్పెడో చేపను నొప్పి ఉన్నచోట తాకించవలెనని వ్రాసినాడు. విద్యుత్తు అనే మాట పుట్టకముందే విద్యుత్ చికిత్స మొదలైనదన్న మాట.

మన తీరంలోని జాలరులు గ్రీకు చదువలేదు, లాటిన్ వినలేదు. అయినా వారు ఈ చేపకు పెట్టిన పేరు అర్థంలో ఆ రెండింటితో సరిగ్గా సరిపోతుంది. ఆ సంగతి లోకానికి తెలియజేసినవాడు విశాఖపట్నంలో కొన్నేళ్ళు నివసించిన ఒక వైద్యుడు.

విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్

పాట్రిక్ రస్సెల్ స్కాట్లండు దేశస్థుడు. 1727లో పుట్టి 1805లో మరణించినాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగియైన తన సోదరునితో కలిసి విశాఖపట్నం వచ్చి, 1785లో కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియమితుడైనాడు. మనవారు 'రక్తపింజరి' అనే విషసర్పాన్ని ఇంగ్లీషులో పిలిచే పేరు ఈయన పేరు మీదుగా వచ్చినదే. ఏ పాము విషముగలది, ఏది కాదు అని ప్రజలు తేలికగా గుర్తించగలగాలన్నది ఆయన ఆశయం. 1796లో పాముల గ్రంథం, 1803లో లండనులో విశాఖపట్నపు చేపల గ్రంథం రెండు సంపుటాలుగా వెలువడినవి.

చేపల గ్రంథంలో రెండు వందల చేపల వర్ణనలు, చిత్రాలు ఉన్నవి. చిత్రాలను స్థానిక చిత్రకారులచేత వ్రాయించినాడు. ఆ గ్రంథపు గొప్పతనం మరొకటి ఉన్నది. ఒక్కొక్క చేపకు తీరవాసులు వాడే తెలుగు పేరును చెవికి వినిపించినట్లే ఇంగ్లీషు లిపిలో ఎక్కించినాడు. బల్లపరుపు చేపలను మనవారు టెంకి అనీ, టేకు అనీ అంటారు. రస్సెల్ పుస్తకంలో 'టెంకీ'లు అనేకం కనిపిస్తవి. సొరలు ఉన్నవి. తొలి పుటలలోనే 'టెమెరీ' అనీ, 'నల్ల టెమెరీ' అనీ రెండు చేపలున్నవి. ఆ ఇంగ్లీషు స్పెల్లింగు వెనుక ఉన్నది మన 'తిమ్మిరి' అని పోల్చుకోవడం తెలుగువారికి కష్టం కాదు.

1831లో లండనులోని జాన్ ఎడ్వర్డ్ గ్రే అనే శాస్త్రజ్ఞుడు ఆగ్నేయాసియా సముద్రాలనుండి వచ్చిన ఒక చిన్న విద్యుత్ చేపను పరిశీలించి, అది అంతవరకు తెలిసిన ఏ ప్రజాతిలోనూ ఇమడదని నిశ్చయించి, కొత్త ప్రజాతిని ఏర్పరచినాడు. దానికి రస్సెల్ గ్రంథంలోని తెలుగు పేరును ఆధారం చేసుకొని 'టెమెరా' అని నామకరణం చేసినాడు. నేటికీ దాని శాస్త్రీయ నామం టెమెరా హార్డ్‌విక్కియై. చిత్రమేమనగా, తెలుగు పేరు మోసే ఈ చేప తెలుగు తీరంలో ఉండదు. మలయా, సింగపూరు, థాయిలాండు ప్రాంతాలది. మన తీరంలో ఉన్న తిమ్మిరి చేపలకు గ్రీకు పేర్లు పడినవి. కౌప్ 1826లో 'నార్కే' ప్రజాతిని, హెన్లే 1834లో 'నార్సినే' ప్రజాతిని ఏర్పరచినారు. గ్రీకు, లాటిన్, తెలుగు మాటలు మూడూ ఈ విధంగా ఒకే కుటుంబపు పేర్లుగా ప్రక్కప్రక్కన నిలిచినవి.

శరీర నిర్మాణం

తిమ్మిరి చేపలు సొరలకు, టెంకిలకు బంధువులు. వీటి అస్థిపంజరంలో ఎముక లేదు, అంతా మృదులాస్థి. మన చెవిదొప్పలో వంగే పదార్థం వంటిదే అది. ఉరో వాజాలు రెండూ వెడల్పుగా పెరిగి తలతో కలిసిపోయి, గుండ్రని పళ్ళెం వంటి ఆకారం ఏర్పడినది.

సముద్రపు అడుగున ఇసుకలోనో, బురదలోనో ఒళ్ళు పూడ్చుకొని పడి ఉండే జీవికి ఏయే సౌకర్యాలు కావాలి? కళ్ళు పైకి చూడాలి. కావున వీపుమీద ఉన్నవి. నోరు అడుగున ఆహారాన్ని అందుకోవాలి. కావున క్రింది వైపు ఉన్నది. నోటితో నీరు పీల్చితే ఇసుక కూడా లోపలికి పోతుంది. అందుచేత కళ్ళ వెనుక రెండు శ్వాసరంధ్రాలు ఉన్నవి. నీరు పైనుండి వాటి ద్వారా లోపలికి వచ్చి, మొప్పలను తడిపి, కడుపువైపు ఒక్కొక్క ప్రక్క ఐదేసి చొప్పున ఉన్న చీలికలగుండా బయటికి పోతుంది.

ఇతర టెంకిలు వెడల్పైన వాజాలను రెక్కల వలె ఆడించి ఈదుతవి. తిమ్మిరి చేప అట్లా ఈదలేదు. దాని పళ్ళెంలో చాలా భాగాన్ని విద్యుదంగాలు ఆక్రమించినవి. కావున అది తోకను ప్రక్కలకు ఆడిస్తూ, మెల్లగా, సోమరిగా ఈదుతుంది. వేగంగా పారిపోలేని జీవికి వేరొక రక్షణ కావలసి వచ్చింది.

గుర్తించే విధానం

మొదట అది తిమ్మిరి చేపయా, వేరే టెంకియా అని తేల్చుకోవాలి. తిమ్మిరి చేప చర్మం నున్నగా, వదులుగా, మెత్తగా ఉంటుంది. పొలుసులు కాని ముళ్ళు కాని ఉండవు. ముల్లు టెంకి తోక కొరడా వలె సన్నగా సాగి ఉంటుంది; దానిమీద రంపపు పండ్లు గల విషపు ముల్లు ఉంటుంది. తిమ్మిరి చేపకు ఆ ముల్లు లేదు. తోక లావుగా ఉండి, చివర స్పష్టమైన పుచ్ఛ వాజంతో ముగుస్తుంది. సజీవమైన చేపను గాని, తాజాగా వలనుండి తీసినదానిని గాని వట్టి చేతితో పట్టి చూడరాదు. చచ్చినట్లు పడి ఉన్న చేప కూడా షాక్ ఇవ్వవచ్చు.

తిమ్మిరి చేప అని తేలిన తరువాత తోకమీది పృష్ఠ వాజాలను లెక్కపెట్టాలి. ఎనిమిదవ తరగతి విద్యార్థి కూడా చేయగల పని ఇది.

పృష్ఠ వాజం ఒక్కటి కూడా లేకపోతే అది టెమెరా. ముందే చెప్పినట్లు మన తీరంలో దొరకదు.

ఒకే వాజం ఉంటే అది నార్కే. మన తీరంలో దొరికేది నార్కే డిప్టెరిజియా. ఇది చాలా చిన్నది. పెరిగినా పదునాలుగు సెంటీమీటర్లకు చేరువ. పళ్ళెం దాదాపు వృత్తాకారం, తోక పొట్టి, పుచ్ఛ వాజం పెద్దది. మా సీసాలోని చేప ఇదే.

రెండు వాజాలుంటే ఇంకొక అడుగు వేయాలి. ఆ రెండూ సుమారుగా సమానమైనవా, లేక మొదటిది స్పష్టంగా పెద్దదా? సమానంగా ఉండి, పళ్ళెం ముందు అంచు గుండ్రంగా ఉండి, నోరు చిన్నదై గొట్టం వలె ముందుకు సాగగలిగితే అది నార్సినే. మన తీరంలో ప్రసిద్ధమైనది నార్సినే టిమ్లై. బ్లాక్, ష్నైడర్ అనే జర్మను శాస్త్రజ్ఞుల 1801 నాటి గ్రంథంలో ఇది వర్ణితమైనది. నార్కే కంటే పెద్దది. ఒక అడుగుకు మించి కూడా పెరుగుతుంది. మొదటి వాజం రెండవదానికంటే పెద్దదై, పళ్ళెం ముందు అంచు కత్తితో కోసినట్లు దాదాపు తిన్నగా ఉండి, నోరు వెడల్పుగా వంపు తిరిగి ఉంటే అది అసలైన టార్పెడో. లోతు నీటిలో రెండు వాజాలు గల అరుదైన మరికొన్ని రకాలున్నవి. కాని తీరపు వలలో పడేవాటిలో చాలావాటికి ఈ లెక్క సరిపోతుంది.

సున్న, ఒకటి, రెండు. ఇంత చిన్న లెక్క చేయకపోవడంవల్లనే మా సీసామీద ఏళ్ళ తరబడి తప్పు పేరు నిలిచింది.

రంగును మాత్రం నమ్మరాదు. ఒకే జాతిలో కొన్ని మచ్చలతో, కొన్ని మచ్చలు లేకుండా ఉండవచ్చు. ఫార్మలిన్‌లో వేసిన తరువాత రంగు ఎటూ పోతుంది. గట్టి గుర్తులు ఆకారంలోనివే.

చేప లోపలి బ్యాటరీ

కన్నుకు ఇరుప్రక్కల చర్మం తొలగించి చూస్తే, మూత్రపిండం ఆకారంలో రెండు మెత్తని అంగాలు కనిపిస్తవి. పైనుండి చూస్తే తేనెపట్టు గదుల వలె ఉంటవి. ఒక్కొక్క గది నిజానికి వీపునుండి కడుపువరకు నిలిచి ఉన్న ఒక స్తంభం. ఆ స్తంభంలో పలుచని ఫలకాలు రూపాయి బిళ్ళలు దొంతిగా పేర్చినట్లు వందల కొద్దీ ఉంటవి. ఇవి విద్యుత్ఫలకాలు. పుట్టుకలో ఇవి మొప్పల ప్రాంతపు కండరాలే. సంకోచించే శక్తిని వదులుకొని విద్యుత్తును పుట్టించే పనికి మారినవి.

మన కండరాలన్నిటిలోను స్వల్పంగా విద్యుత్తు పుడుతుంది. గుండె పరీక్షకు ఇ.సి.జి. తీసినప్పుడు కాగితంమీద పడే గీతలు ఆ విద్యుత్తువే. ఒక్క ఫలకంలో పుట్టేది కూడా వోల్టులో పదవ వంతుకు మించదు. మరి షాక్ ఎట్లా వస్తుంది?

టార్చిలైటును తలచుకోండి. ఒక్కొక్క సెల్లు ఒకటిన్నర వోల్టు. రెండు సెల్లులను ఒకదాని వెనుక ఒకటి పెట్టితే మూడు వోల్టులు. గనిలోకి దిగే కార్మికులు నడుముకు కట్టుకొన్న పాతకాలపు క్యాప్‌ల్యాంపు బ్యాటరీలో రెండు వోల్టుల సీసపు సెల్లులు రెండు కలిసి నాలుగు వోల్టులయ్యేవి. దీనిని శ్రేణి సంధానం అంటాము. చేప స్తంభంలో వందల ఫలకాలు శ్రేణిలో ఉన్నవి. మెదడునుండి ఆజ్ఞ రాగానే అన్నీ ఒకేసారి పనిచేస్తవి. చిన్న చిన్న వోల్టులు కూడి పెద్దవవుతవి. అమెరికా తీరపు నార్సినే చేపలలో 14 నుండి 37 వోల్టులవరకు కొలిచినారు. అట్లాంటిక్‌లోని పెద్ద టార్పెడోలో 220 వోల్టులవరకు ఉంటుందంటారు. మన ఇంటి కరెంటు 230 వోల్టులని గుర్తుంచుకుంటే ఆ సంఖ్య విలువ తెలుస్తుంది. అయితే చేప విద్యుత్తు ఇంటి కరెంటు వలె ఎడతెగక ప్రవహించదు. సెకనులో వెయ్యవ వంతులు కొన్ని మాత్రమే ఉండే తాకిడులుగా వస్తుంది.

ఇక్కడ ఒక ప్రశ్న. దక్షిణ అమెరికా నదులలోని విద్యుత్ ఈల్ ఆరు వందల వోల్టులకు పైగా పుట్టిస్తుంది. సముద్రపు తిమ్మిరి చేపకు అంత ఎందుకు లేదు? జవాబు నీటిలో ఉన్నది. నది నీటిలో ఉప్పు తక్కువ. అది విద్యుత్తును తేలికగా పోనివ్వదు. కావున ఎక్కువ వోల్టులు కావాలి. ఈల్‌లో వేల ఫలకాలు పొడుగునా శ్రేణిలో ఉన్నవి. సముద్రపు నీరు మంచి వాహకం. అక్కడ తక్కువ వోల్టులు చాలును. కాని ఎక్కువ ప్రవాహం కావాలి. ప్రవాహం పెరగాలంటే స్తంభాలు ప్రక్కప్రక్కన, అనగా సమాంతరంగా ఉండాలి. టార్పెడోను కోసి చూసిన లండను శస్త్రవైద్యుడు జాన్ హంటర్ 1773లో ఒక్కొక్క అంగంలో సుమారు 470 స్తంభాలు లెక్కపెట్టినాడు. ఒక పెద్ద చేపలో 1,182 ఉన్నవి. పదవ తరగతి భౌతికశాస్త్రంలో మనం చదివే శ్రేణి, సమాంతర సంధానాల రెండు పాఠాలను ప్రకృతి ఈల్‌లో ఒకటి, తిమ్మిరి చేపలో ఒకటిగా వ్రాసి పెట్టినది.

ముగ్గురు పరిశోధకులు

తిమ్మిరికి కారణం విద్యుత్తే అని తేల్చినవాడు జాన్ వాల్ష్. ఈయన మద్రాసు కోటలో పుట్టి, క్లైవుకు కార్యదర్శిగా పనిచేసి, తరువాత ఇంగ్లండులో స్థిరపడినాడు. 1772లో ఫ్రాన్సు తీరంలోని లా రోషెల్ పట్టణంలో సజీవమైన టార్పెడోలతో ప్రయోగాలు చేసినాడు. మనుషులు చేతులు పట్టుకొని వరుసగా నిలబడితే షాక్ అందరికీ తగిలింది. లోహపు తీగగుండా పోయింది. గాజు, లక్క వంటివాటిగుండా పోలేదు. చేప వీపు ఒక ధ్రువం, కడుపు మరొక ధ్రువం అని కూడా కనుగొన్నాడు. 1773లో రాయల్ సొసైటీ ఆయనకు కాప్లీ పతకం ఇచ్చింది.

అయినా సంశయం తీరలేదు. విద్యుత్తయితే నిప్పురవ్వ కనిపించాలి కదా, చటచట శబ్దం రావాలి కదా అన్నారు పండితులు. హెన్రీ కావెండిష్ దీనికి చెప్పిన సమాధానం ముచ్చటైనది. ఆయన తోలుతోను, చెక్కతోను కృత్రిమమైన చేపను తయారుచేసి, దానిని 49 లైడెన్ జాడీలకు కలిపి, ఉప్పునీటిలో పెట్టినాడు. జాడీలన్నిటిలో విద్యుత్తు పరిమాణం ఎక్కువ, ఉద్వేగం తక్కువ. నీటిలో చేయి పెట్టినవారికి అసలు చేప తగిలినట్లే తగిలింది. కాని రవ్వ రాలేదు. విద్యుత్తులో పరిమాణం వేరు, పొటెన్షియల్ వేరు అన్న భేదాన్ని ఈ బొమ్మ చేప స్పష్టపరచినది. ఆ వ్యాసం 1776లో అచ్చయినది.

మూడవవాడు అలెస్సాండ్రో వోల్టా. 1800లో రెండు లోహాల బిళ్ళలను, ఉప్పునీటిలో తడిపిన అట్టలను దొంతిగా పేర్చి మొట్టమొదటి బ్యాటరీని చేసినాడు. రాయల్ సొసైటీకి పంపిన లేఖలో దానికి ఆయన పెట్టిన పేరు 'కృత్రిమ విద్యుదంగం'. దొంతిగా పేర్చిన నమూనా చేపలో ఉన్నదని ఆయనే చెప్పినాడు. నేడు మన జేబులోని ఫోను బ్యాటరీ వంశవృక్షంలో పైకి పోతే వోల్టా దొంతి వస్తుంది. దాని ప్రక్కన ఇసుకలో ఒళ్ళు పూడ్చుకొని తిమ్మిరి చేప ఉంటుంది.

చేపకు, పత్తి చేనుకు గల సంబంధం

మెదడు ఆజ్ఞ నాడిద్వారా వచ్చి ఫలకాన్ని ఎట్లా తాకుతుంది? నాడి చివర ఎసిటైల్ కోలిన్ అనే పదార్థం ఊరి, ఫలకంమీది గ్రాహకాలకు తగులుతుంది. మన కండరాలను కదిలించేది కూడా ఈ పదార్థమే. పని కాగానే ఎసిటైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము దానిని విరగగొట్టి తుడిచివేస్తుంది. మన కండరంలో ఈ నాడీ సంధులు అక్కడక్కడ మాత్రమే ఉంటవి. విద్యుదంగంలో అవి ఒత్తుగా పరచి ఉన్నవి. అందుచేత ఆ గ్రాహకాన్ని, ఎంజైమును చదవదలచిన శాస్త్రజ్ఞులు టార్పెడో చేపను ఆశ్రయించినారు. 1982లో జపానులోని క్యోటోలో నుమా బృందంవారు గ్రాహకపు నిర్మాణాన్ని టార్పెడో జన్యువులనుండి చదివినారు. 1991లో ఇజ్రాయేలు శాస్త్రజ్ఞులు ఎసిటైల్ కోలినెస్టరేజ్ త్రిమితీయ రూపాన్ని మొదటిసారి చూసినారు. వారు వాడినది కూడా టార్పెడో ఎంజైమే.

మంథని, పెద్దపల్లి ప్రాంతాలలో పత్తి వేసే రైతులకు ఈ ఎంజైము పేరు తెలియదు. కాని దాని పని ఆగితే ఏమవుతుందో చూసినవారున్నారు. ఆర్గానోఫాస్ఫేటు జాతి పురుగుమందులు పురుగులో చేసే పని ఈ ఎంజైమును కట్టివేయడమే. చేతికి తొడుగు లేకుండా, ముఖానికి గుడ్డ లేకుండా, గాలికి ఎదురుగా మందు కొట్టిన మనిషిలోను అదే జరుగుతుంది. ఎసిటైల్ కోలిన్ తుడుపు పడక పేరుకుపోతుంది. చెమటలు, లాలాజలం కారుతవి, కండరాలు అదరుతవి, తరువాత చచ్చుబడతవి, ఊపిరి ఆడదు. అటువంటి మనిషి బట్టలు తీసివేసి, ఒళ్ళు సబ్బుతో కడిగి, ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి. అట్రోపిన్‌తోపాటు, ఎంజైమును విడిపించే మందు కూడా అక్కడ ఇస్తారు. ఆ విషం ఎంజైములోని ఏ మూలకు అంటుకొంటుందో శాస్త్రజ్ఞులు కళ్ళకు కట్టినట్లు చూడగలిగినది తిమ్మిరి చేపల కుటుంబపు చేప చలువవలన. సముద్రం ఎంత దూరమైనా సంబంధం ఇంత దగ్గర.

జీవితం, సంతానం

పెద్ద టార్పెడోలు ప్రక్కన పోయే చేపలను షాక్‌తో మొద్దుబార్చి మింగుతవి. నార్సినే పద్ధతి వేరు. దాని నోరు చిన్నది. నోటిని గొట్టంగా సాచి ఇసుకలోకి గుచ్చి, పురుగులను, చిన్న రొయ్య జాతి జీవులను పీల్చుకొంటుంది. షాక్ దానికి ముఖ్యంగా ఆత్మరక్షణ కోసం.

ఈ చేపలు గ్రుడ్లను నీటిలో వదలవు. గ్రుడ్లు తల్లి గర్భంలోనే పొదుగుతవి. సొన అయిపోయిన తరువాత గర్భాశయపు గోడనుండి ఊరే పోషక ద్రవంతో పిల్లలు పెరిగి, పూర్తిగా ఏర్పడి బయటికి వస్తవి. టార్పెడో పిల్లలు పుట్టినప్పటినుండే షాక్ ఇవ్వగలవు. బొచ్చె, రవ్వు వంటి మన చెరువు చేపలు లక్షల కొద్దీ గ్రుడ్లు పెడతవి. వాటిలో చాలా భాగం పోయినా జాతికి లోటు రాదు. తిమ్మిరి చేపకు పుట్టేవి కొద్ది పిల్లలే. పెద్దవాటిని ఎక్కువగా పట్టివేస్తే ఆ లోటు త్వరగా తీరదు.

వెలుతురు చొరని లోతులలో కూడా ఈ కుటుంబం ఉన్నది. కేరళ తీరానికి దూరంగా, ఎనిమిది వందల మీటర్లకు చేరువైన లోతునుండి 'ఇన్వెస్టిగేటర్' నౌకవారు తీసిన ఒక విద్యుత్ చేపను ఆల్కాక్ 1898లో బెంథోబేటిస్ మోర్స్‌బీ అని వర్ణించినాడు. దాని కళ్ళు చర్మం క్రింద అణగిపోయి చూపుకు పనికిరాకుండా ఉన్నవి. చీకటిలో కన్ను అక్కరలేదు. విద్యుత్తు మాత్రం వదులుకోలేదు.

వలలో పడిన తరువాత

విశాఖపట్నం, కాకినాడ వంటి రేవులలో ట్రాలు వలలు అడుగును ఊడ్చుకొంటూ రొయ్యల కోసం పోతవి. అడుగున పడి ఉన్న తిమ్మిరి చేపలు వాటితోపాటు వస్తవి. వీటికి ధర లేదు. కొన్ని తిరిగి సముద్రంలో పడతవి. కొన్ని పనికిరాని చేపల కుప్పలో చేరి, ఎండి, కోళ్ళ దాణాకు, చేపల పొడికి పోతవి. లెక్క వ్రాసేటప్పుడు 'టేకులు' అనో, 'ఇతరములు' అనో ఒక్క మాటతో సరిపెట్టితే, అందులో నార్కే ఎంత, నార్సినే ఎంత అన్నది ఎవరికీ తెలియదు. నార్సినేలో కూడా ఒక్క జాతి మాత్రమే లేదు. అన్నండేల్ 1909లో బంగాళాఖాతపు చేపలలో నార్సినే బ్రూనియాను వేరుపరచినాడు. అంతకుముందు దానిని టిమ్లై నుండి విడిగా చూసినవారు లేరు. ఒక పేరు క్రింద రెండు జాతులను వ్రాసినప్పుడు, ఒకటి తగ్గిపోతున్నా మొత్తం అంకె నిలకడగా ఉన్నట్లు కనిపించవచ్చు. జాతి పోయిన సంగతి అంకెలలో కనిపించదు. పేరు సరిగా వ్రాయడం పండితుల పట్టుదల మాత్రమే కాదు. జీవిని కాపాడడంలో మొదటి మెట్టు.

ఉపాధ్యాయులకు ఒక మాట

మీ పాఠశాలలోనో, కళాశాలలోనో ఇటువంటి సీసా ఉంటే ఈసారి విద్యార్థులకు చీటీని మూసి సీసాను చూపించండి. పళ్ళెం ముందు అంచు ఎట్లా ఉన్నది? తోకమీద వాజాలెన్ని? రెండూ సమానమా? నోరు చిన్నదా, వెడల్పా? ఈ నాలుగు ప్రశ్నలకు చూసి జవాబు వ్రాయించండి. ఆ తరువాత చీటీ తెరవండి. చీటీ ఒప్పయితే విద్యార్థికి సంతోషం. తప్పయితే అంతకంటె ఎక్కువ సంతోషం.

మా సీసా చీటీని ఆ వారంలోనే మార్చినాము. విద్యార్థిని చేతనే కొత్త చీటీ వ్రాయించినాము. పై పంక్తిలో నార్కే డిప్టెరిజియా అని శాస్త్రీయ నామం. దాని క్రింద, రెండు వందల ఏళ్ళ క్రిందట విశాఖపట్నపు జాలరి రస్సెల్ దొరకు చెప్పిన పేరు: తిమ్మిరి.